రోజు వానను పావుగంటలుగా విడగొట్టడం: విజయనగరం నుంచి ఒక పనిచిట్టా

88.4 మిల్లీమీటర్ల వాన పడిన రోజున మా వీధి కాలువ పొంగలేదు. 42.6 మిల్లీమీటర్లు పడిన రోజున పొంగి ఇళ్ల మెట్లు ఎక్కింది. రోజువారీ వర్షపాతం తప్ప మరేమీ చేతిలో లేనివారికి ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు.

విజయనగరంలో అయ్యకోనేరు చెరువుకు కాస్త అవతల, ఆరు హెక్టార్ల మేర నీరు దిగే వీధి ఇది. చివర ఒక తూము, తూము దాటితే గెడ్డ (వాగు). కాలువ ఏ వానను తట్టుకుంటుందో, దేన్ని తట్టుకోదో చెప్పాలంటే పావుగంట పావుగంటకు ఎంత పడిందో తెలియాలి. ఉన్నదేమో పొద్దున 8.30కి రోజుకొక్కసారి రాసిన అంకె. పక్క వీధిలోని విశ్రాంత లెక్కల మాస్టారు తన పెరట్లో వాన కొలిచే సైమన్స్ రెయిన్‌గేజ్ పెట్టుకుని ఏళ్ల తరబడి రాస్తున్న రిజిస్టరు అది. ఆ ఒక్క అంకెను 96 పావుగంటలకు పంచే పద్ధతి కోసం చేసిన పని ఇక్కడ రాస్తున్నాను. సాఫీగా నడిచిన వాటికి ఒక్క ముక్క, చెడిన వాటికి ఎక్కువ చోటు ఇచ్చాను. మరో ఊళ్లో ఎవరైనా ఇదే మొదలుపెడితే వారికి పనికొచ్చేవి చెడిన భాగాలే.

దశ 1: ముందు కాలువను కొలవడం

చాలామంది వాన దగ్గర మొదలుపెడతారు. కాలువ దగ్గర మొదలుపెడితే ఎంత సన్నని కాలవిభజన కావాలో ముందే తేలిపోతుంది, అనవసరంగా ఐదు నిమిషాల దాకా పోనక్కర్లేదు.

1. నీరు నడిచే అతి పొడవైన దారి: 400 మీటర్లు. టేపుతో కొలిచాం.
2. ఎగువకూ దిగువకూ ఎత్తులో తేడా: 2 మీటర్లు. తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి దింపుకుంటూ వచ్చాం. వాలు 0.005.
3. కిర్పిచ్ సూత్రం ప్రకారం ఎగువ చివరి చుక్క తూము చేరడానికి పట్టే సమయం: 15 నిమిషాలు. పావుగంట విభజన చాలు.
4. కాలువ వెడల్పు 0.6 మీ., లోతు 0.75 మీ. అడుగున 15 సెంటీమీటర్ల పూడిక. మిగిలిన లోతు 0.6 మీ. గరుకుదనం అంకె 0.018 పెట్టి మానింగ్ సూత్రంతో లెక్క కడితే సెకనుకు 0.484 ఘనపు మీటర్లు పోతుంది. పూడిక తీస్తే 0.633.
5. సిమెంటు రోడ్డు, శ్లాబు ఇళ్లు, అక్కడక్కడ పెరళ్లు. పడిన వానలో కాలువకు చేరే వంతు 0.8గా తీసుకున్నాను.
6. వాన జోరు నుంచి కాలువకు చేరే నీటిని లెక్కగట్టే రేషనల్ సూత్రాన్ని వెనక్కి తిప్పితే, గంటకు 36.3 మి.మీ. జోరు దాటగానే కాలువ నిండుతుంది. అంటే పావుగంటలో 9.1 మి.మీ. పూడిక తీశాక ఈ హద్దు 11.9 మి.మీ.

ఇకనుంచి చూసేదంతా ఈ 9.1 చుట్టూనే. రోజు మొత్తం ఎంతైనా కానీ, పావుగంటలో 9.1 దాటిందా లేదా అన్నదే ప్రశ్న.

ఇంతవరకు లెక్క: హద్దు 9.1 మి.మీ. (పూడిక తీస్తే 11.9). ఖర్చు 120 రూపాయలు, నీటి గొట్టానికి.

దశ 2: రిజిస్టరు, 8.30 గీత

ముందుగా అందరూ చేసేదే చేసి చూశాను, వానను 24తో భాగించడం. 96 మి.మీ. పడిన రోజును తీసుకుంటే గంటకు 4 మి.మీ. అలాంటి వానకు కాలువలో సెకనుకు 53 లీటర్లు పారుతాయి, పిల్లలు చెప్పులు విప్పకుండా దాటేంత. ఆ రోజు భోజనాల వేళ ఆ నీళ్లలో బైకులు ఆగిపోయాయి. సగటు పద్ధతి గురించి ఇంతకు మించి రాయడం దండగ.

అసలు చిక్కు తేదీల్లో వచ్చింది. 8.30కి కొలిచిన వానను ఆ రోజు తేదీ కింద రాయడం వాతావరణ శాఖ పద్ధతి. 27వ తేదీ కింద ఉన్న అంకెలో ఎక్కువ భాగం 26న పడిన వానే. 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. ఆ రాత్రి వాన అంతా రిజిస్టరులో 27న ఉంటుంది. 2018లో తిత్లీ అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది కనుక 8.30 గీత ఆ వాన మధ్యలోంచే పోతుంది. సగం 11న, సగం 12న. మనం చూసేది ఒకే తుపాను, రిజిస్టరుకు అవి రెండు వేర్వేరు రోజులు.

మాస్టారిని అడిగాను.

“మీరు ఎప్పుడూ కొలిచిన రోజు తేదీయే వేస్తారా, మాస్టారూ?”

“నేనైతే అంతే బాబూ. నేను ఊళ్లో లేనప్పుడు మా మనవడు రాస్తాడు. వాడికి నిన్న పడిన వానను నిన్నటి కింద రాస్తేనే న్యాయంగా తోస్తుంది.”

చేతిరాత చూసి మనవడి పేజీలు గుర్తుపట్టవచ్చు కానీ, కొన్నిచోట్ల ఇద్దరి అంకెలూ ఒకేలా ఉన్నాయి. అందుకు నాసా వారి ఐమెర్గ్ ఉపగ్రహ వర్షపాతం ఉపయోగపడింది. అది అరగంటకొక అంకె ఇస్తుంది, గ్రీనిచ్ కాలమానంలో. మన 8.30 అక్కడ సరిగ్గా 3.00 కనుక గీత అరగంట మధ్యలో పడదు, చక్కగా కలుస్తుంది. ప్రతి నెలకూ రిజిస్టరును ఒక రోజు ముందుకు, ఒక రోజు వెనక్కి జరిపి, ఏ అమరికలో వాన రోజులు ఐమెర్గ్‌తో ఎక్కువగా కలుస్తాయో చూశాను. మనవడి పేజీలు వరుసగా బయటపడ్డాయి. వాటిని ఒక రోజు తర్వాతి తేదీకి జరిపాను.

ఐమెర్గ్‌నే నేరుగా వాడేస్తే సరిపోతుంది కదా అని నా విద్యార్థులు అడిగారు. దాని గడి 0.1 డిగ్రీ, సుమారు పదకొండు కిలోమీటర్ల చదరం. ఊరంతా, చుట్టుపక్కల పల్లెలు కూడా అందులో పట్టేస్తాయి. ఒక పేట మీద విరుచుకుపడిన వాన ఆ చదరమంతటికీ పలచబడి కనిపిస్తుంది. తేదీలు సరిచూడటానికి మంచిదే, శిఖరం (అత్యధిక జోరు) కోసం మాత్రం దాన్ని నమ్మను.

దశ 3: సొంత గేజ్

రోజును ఎలా విడగొట్టాలో నేర్పడానికి కొంతకాలమైనా పావుగంటల అసలు వాన కావాలి. దానికి టిప్పింగ్ బకెట్ కట్టాం. గరాటు వ్యాసం 200 మి.మీ. దాని వైశాల్యం 314.16 చదరపు సెంటీమీటర్లు కనుక 0.2 మి.మీ. వానకు 6.28 మిల్లీలీటర్లు. బకెట్ అంత నిండగానే ఒక పక్కకు ఒరిగి, దాని అయస్కాంతం రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకొస్తే తాకే స్విచ్) ముందు నుంచి పోతుంది. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఆ క్షణాన్ని మెమరీ కార్డులో రాస్తుంది.

చెడినవి, వరుసగా:

ఒక ఒరుగుకు రెండు లెక్క పడటం. రీడ్ స్విచ్ తాకి వదిలేటప్పుడు కంపిస్తుంది. 10 కిలో ఓమ్ల రెసిస్టర్, 0.1 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ పెట్టాక చాలావరకు తగ్గింది. మిగిలినది ప్రోగ్రాములో ఆపాను: ఒక ఒరుగు తర్వాత అర సెకను దాకా వచ్చేదేదీ లెక్కలోకి రాదు. గంటకు 200 మి.మీ. జోరుకు కూడా రెండు ఒరుగుల మధ్య 3.6 సెకన్లు ఉంటుంది కనుక అర సెకనుతో అసలు వాన ఏదీ పోదు.

గడియారం జారడం. మొదట పెట్టిన డీఎస్1307 చిప్పు ఎండకు, రాత్రి చలికి తేడాగా నడిచి వారం తిరిగేసరికి నిమిషాల్లో తప్పింది. ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సర్దుకునే డీఎస్3231 వేశాను. పావుగంటల పనిలో గడియారం మీద పొదుపు చేయకండి.

జోరు వానలో తక్కువ చూపించడం. బకెట్ ఒరుగుతున్న ఆ కాస్త సేపూ పడే నీరు లెక్కలోకి రాదు. దీన్ని కొలవడానికి మందుల దుకాణంలో సెలైన్ గొట్టాలు కొన్నాం. వాటికి జోరు తిప్పే చక్రం ఉంటుంది, ప్రయోగశాల పరికరం కంటే చవక.

1. సీసాలో 628 మి.లీ. నీరు. తప్పు లేకపోతే సరిగ్గా 100 ఒరుగులు రావాలి.
2. 48 నిమిషాల్లో పోస్తే గంటకు 25 మి.మీ. జోరు. మొదట 104 వచ్చాయి. బకెట్ కింది మరలు తిప్పి 100కి తెచ్చాం.
3. 24 నిమిషాల్లో పోస్తే గంటకు 50 మి.మీ. 97 వచ్చాయి.
4. 12 నిమిషాల్లో పోస్తే గంటకు 100 మి.మీ. రెండు గొట్టాలు కలిపి వదలాల్సి వచ్చింది. 93 వచ్చాయి.

గంటకు వంద మి.మీ. జోరులో ఏడు శాతం పోతోందన్నమాట. కాలువ పొంగేది కూడా అలాంటి జోరులోనే. అందుకే ఒరుగుల మధ్య సమయాన్ని బట్టి దిద్దుబాటు గుణకం పెట్టాను. ఈ చిట్టాలో ఇకపై వచ్చే పావుగంట అంకెలన్నీ దిద్దినవే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది వేపపువ్వు. ఒక వేసవి వానకు మాస్టారి గేజ్ 27.4 చూపితే మాది 27.0 చూపింది. అంత దగ్గరగా కలిసింది కదా అని ఆ రోజును మంచి రోజుల జాబితాలో వేశాం. తర్వాత ఒరుగుల సమయాలు గీతగా గీస్తే, గంటన్నర పాటు ప్రతి 40 సెకన్లకు ఒకటి చొప్పున, గడియారం కొట్టినట్టు పడ్డాయి. ఏ వానా అలా పడదు. గరాటు జల్లెడ వేపపువ్వుతో మూసుకుపోయి, నీరు పైన నిలిచి, సన్నని ధారగా దిగింది. మొత్తం సరిగ్గానే ఉంది, వాన ఆకారం మాత్రం అబద్ధం. మొత్తం కలిసింది కనుక పరికరం బాగుందని తేల్చడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదం. ఇలాంటి రోజులు నాలుగు కలిసినా, విడగొట్టే పద్ధతి నేర్చుకునేది వానను కాదు, జల్లెడను.

మార్పులు: గేజ్‌ను మేడ మీద నుంచి దింపి మాస్టారి పెరట్లో, చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టాం. మేడ మీద గాలికి వాన గరాటును తప్పించుకుపోతోందని అంతకుముందే అనుమానం ఉంది. వరుసగా ఇరవై ఒరుగుల మధ్య విరామాలు పది శాతం కంటే తక్కువ తేడాతో ఉంటే ఆ వానకు ప్రోగ్రామ్ ఎర్ర గుర్తు వేస్తుంది. గుర్తు పడినవన్నీ తీసేశాం.

ఖర్చు: బోర్డు 450, బకెట్ భాగం 900, స్టీలు గరాటు 350, కార్డు సామగ్రి 450, గడియారం చిప్పు 180, బ్యాటరీ 600, స్విచ్, అయస్కాంతం 60, సెలైన్ గొట్టాలు 100, పీవీసీ గొట్టం 200. కలిపి 3,290.

ఇంతవరకు లెక్క: ఖర్చు 3,410 రూపాయలు. 42.6 నాటి జూన్ వానకు మా గేజ్ మొత్తం 42.1, మాస్టారిది 42.6.

దశ 4: మూడో వంతు సూత్రం ఎందుకు వదిలేశాను

మన దేశంలో ఇంజనీర్లు ఎక్కువగా వాడేది వాతావరణ శాఖ పేరుతో చెలామణిలో ఉన్న మూడో వంతు సూత్రం. కావలసిన వ్యవధిని 24 గంటలతో భాగించి, దాని ఘనమూలంతో రోజు వానను గుణించాలి. మూడు గంటలకు సరిగ్గా సగం, గంటకు 0.347, అరగంటకు 0.275, పావుగంటకు 0.218. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను. 96 మి.మీ. రోజుకు గంట వాన 33.3, పావుగంట వాన 21.0 వస్తాయి.

గంట అంకెతో కాలువకు చేరే నీటి లెక్క కడితే సెకనుకు 0.444 ఘనపు మీటర్లు, మా కాలువకు 0.484 తట్టుకునే శక్తి ఉంది కనుక సరిపోతుంది. పావుగంట అంకెతో కడితే 1.118, రెండింతలకు పైగా పొంగుతుంది. అదే రోజు, అదే సూత్రం, అదే కాలువ. గంట అంకెతో అంచనా వేసి కాలువ చాలని సంతకం పెట్టిన కాగితాలు ఎన్ని ఊళ్లలో ఉన్నాయో.

పావుగంటకు దిగితే సరిపోతుందా? మా గేజ్ చూసిన రెండు వానలను దాని పక్కన పెట్టాను.

జూన్ సాయంత్రం ఉరుముల వాన: రోజు మొత్తం 42.6. మొత్తం గంట లోపే పడింది. అత్యధిక పావుగంట 19.4. సూత్రం చెప్పేది 9.3.

అక్టోబరు అల్పపీడనం వాన: రోజు మొత్తం 88.4. పగలూ రాత్రీ పడుతూనే ఉంది. అత్యధిక పావుగంట 7.6. సూత్రం చెప్పేది 19.3.

ఒకచోట సగం, మరోచోట రెండున్నర రెట్లు. ఉరుముల వానకూ ముసురుకూ ఒకే నిష్పత్తి వాడితే జరిగేది ఇదే. మొదట చెప్పిన చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోయింది: 19.4 మా హద్దు 9.1ని దాటింది, 7.6 దాటలేదు. ఇది విన్న మాస్టారు “మరి నా రిజిస్టరు ఎందుకూ పనికిరాదా?” అన్నారు. పనికొస్తుంది. రిజిస్టరులో ఒక్క అంకె మాత్రమే కాదు, దానికి ముందు రోజు, తర్వాత రోజు కూడా ఉన్నాయి. జూన్ వానకు అటూ ఇటూ పొడి రోజులు. అక్టోబరు వానకు రెండు పక్కలా తడి రోజులే. ఆ తేడాను వాడుకునే పద్ధతి కావాలి.

సూత్రం మొత్తానికి పనికిరాదని కాదు. ఒక కొత్త కాలువకు డిజైన్ వాన (కాలువ తట్టుకోవాలని ఎంచుకునే వాన) కావాలంటే, ఏ వివరమూ లేనిచోట అదే దిక్కు. గడిచిన రోజుల్ని తిరిగి కట్టడానికి మాత్రం అది చేయగల పని కాదు.

దశ 5: కాస్కేడ్

తీసుకున్నది యాదృచ్ఛిక కాస్కేడ్. పెద్ద గడిలోని, అంటే పెద్ద కాలవ్యవధిలోని వానను చిన్న గడులకు పంచుతూ దిగడం. ప్రతి మెట్టు దగ్గరా మొత్తం చెక్కుచెదరదు, ఎటు ఎంత పోవాలన్నది మాత్రం పాచిక వేసి తేలుస్తాం. అన్ని పాచికలూ ఒకటి కావు, గడి రకాన్ని బట్టి మారతాయి.

1. 24 గంటల గడిని మూడు 8 గంటల గడులుగా చేయాలి. ఏవి తడి, ఏవి పొడి అన్నదానికి ఏడు అవకాశాలు.
2. అక్కడి నుంచి ప్రతిసారీ రెండుగా: 8, 4, 2, 1 గంట, 30 నిమిషాలు, 15 నిమిషాలు.
3. ప్రతి గడికీ ఒక స్థానం: వాన మొదలు, మధ్య, చివర, లేదా ఒంటరి. ఇరుగుపొరుగు గడులు తడా పొడా అన్నదాన్ని బట్టి.
4. ప్రతి స్థానానికీ రెండు తరగతులు: వాన సగటు కంటే ఎక్కువ, తక్కువ. మొత్తం ఎనిమిది రకాలు.
5. ఒక్కో రకానికి మూడు సంభావ్యతలు: అంతా ముందు సగంలో, అంతా వెనుక సగంలో, రెండింటిలోనూ. రెండింటిలోనూ అయితే ఎంత వంతు అన్నదానికి వేరే పట్టిక.

కొందరు రోజును 1280 నిమిషాలుగా తీసుకుంటారు. ఏడుసార్లు సగం చేస్తే సరిగ్గా పది నిమిషాలు వస్తుంది కనుక. రోజులో 160 నిమిషాలు ఎక్కడికి పోయాయో ఎవరికైనా చెప్పాల్సి వస్తే కష్టం. మొదటి మెట్టు మూడుగా చీల్చితే ఆ ఇబ్బందే లేదు.

సంభావ్యతలు మన గేజ్ నుంచే లెక్కపెట్టాలి. గేజ్ అంకెలను పైకి కలుపుకుంటూ వెళ్లి, ప్రతి తడి గడి ఎలా చీలిందో లెక్కించడమే. మా లెక్కలో గంట నుంచి అరగంటకు దిగే మెట్టు దగ్గర, ‘మధ్య, ఎక్కువ’ రకం గడుల్లో వాన రెండు సగాల్లోనూ ఉండే సంభావ్యత 0.78. ‘ఒంటరి, తక్కువ’ రకంలో 0.34. ఈ దూరమే జూన్‌ను అక్టోబరు నుంచి విడదీస్తుంది.

పై మెట్ల దగ్గర మాత్రం చేతిలో వానలు చాలలేదు. కింది మెట్లకు గడులు బోలెడు, 24 నుంచి 8కి దిగే మెట్టుకు వాన రోజుకు ఒక్కటే. ఎనిమిది రకాలుగా విడగొడితే కొన్ని రకాలు దాదాపు ఖాళీ. రెండు మార్పులు చేశాను. ఒకటి, ‘మొదలు’ గడికి వెనుక సగంలో పడే సంభావ్యతా, ‘చివర’ గడికి ముందు సగంలో పడే సంభావ్యతా అద్దంలో బొమ్మల్లాంటివి కనుక రెండింటినీ కలిపి లెక్కించాను. రెండు, గంట దాకా ఉన్న పై మెట్లకు మండల ఆటోమేటిక్ వాతావరణ స్టేషను గంట లెక్కలు వాడి, గంట కింది రెండు మెట్లకే మా గేజ్ వాడాను. శిఖరం తేలేది ఆ రెండు మెట్ల దగ్గరే కనుక ఇది పెద్ద రాజీ కాదు.

ఇంకో చిన్న చికాకు: కాస్కేడ్ ఒక్కోసారి పావుగంటకు 0.013 మి.మీ. లాంటి వానను పుట్టిస్తుంది. గేజ్‌కు 0.2 కంటే తక్కువ కనపడదు. చిరుజల్లు పడుతున్నప్పుడు బకెట్ నిండటానికి అరగంట పడితే, అసలు గేజ్‌లో ఒక గడి తడి, పక్క గడి పొడి అని నమోదవుతుంది. ఆ లెక్కతో నేర్చుకున్న సంభావ్యతలు వాన ఆగి ఆగి పడిందని అనుకుంటాయి. అందుకని మొత్తం 0.4 లోపున్న గంటలను నేర్పే లెక్క నుంచి తీసేశాను. పంచేటప్పుడు 0.2 లోపు వచ్చిన గడులను పక్క తడి గడిలో కలిపేశాను.

పైథాన్‌లో మొత్తం ప్రోగ్రామ్ రెండు వందల వరుసలకు మించలేదు. దాని గురించి చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు.

దశ 6: సరిచూడటం, మళ్లీ మార్చడం

కాస్కేడ్ ఎప్పుడూ మొత్తాన్ని కాపాడుతుంది కనుక మొత్తం కలిసిందని సంతోషించడానికి వీల్లేదు. వేపపువ్వు నేర్పిన పాఠమే ఇక్కడా. మూడు కొలతలు పెట్టుకున్నాను: వాన రోజుల్లో పొడి పావుగంటల వంతు, ఒక పావుగంటకూ తర్వాతి దానికీ ఉన్న సంబంధం (సహసంబంధ గుణకం, 1కి దగ్గరైతే గట్టిది), అత్యధిక పావుగంట.

పొడి పావుగంటలు: గేజ్‌లో 88 శాతం. మూడో వంతు సూత్రంతో శిఖరం చుట్టూ పేర్చిన వానలో సున్నా, ఎందుకంటే అది 96 గడులనూ నింపేస్తుంది. కాస్కేడ్‌లో 90.

పక్క పావుగంటతో సంబంధం: గేజ్‌లో 0.55. కాస్కేడ్‌లో 0.38. ఇది కాస్కేడ్‌కు పుట్టుకతో వచ్చిన లోపం. పక్కపక్కనే ఉన్న రెండు అరగంటలు వేర్వేరు తల్లిగడుల నుంచి వస్తే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. వాన ముక్కలు ముక్కలుగా చెదురుతుంది. ఒక్క వీధి కాలువకు పావుగంట శిఖరమే ముఖ్యం కనుక నేను దీన్ని పూర్తిగా సరిచేయలేదు. ఒకే రోజుకు పాచికలు మళ్లీ మళ్లీ వేసి ఎక్కువ ఊహావానలు పుట్టించి, వాటిలో సంబంధం 0.5కు దగ్గరగా ఉన్న వందను ఉంచుకున్నాను. తూము దాటాక గెడ్డలో, చెరువులో నీరు ఎలా పెరుగుతుందో చూడాలనుకునేవారికి ఈ అడ్డదారి చాలదు, గడులను అటూ ఇటూ మార్చి సంబంధాన్ని తిరిగి కట్టే పద్ధతులకు వెళ్లాలి.

అత్యధిక పావుగంట, వంద ఊహావానల్లో:

42.6 రోజు: నడిమి విలువ 15.1. వందలో తొంభై 6.8కి, 29.5కి మధ్య. అసలు 19.4.

88.4 రోజు: నడిమి విలువ 13.9. వందలో తొంభై 6.2కి, 30.0కి మధ్య. అసలు 7.6.

మొదటిది బాగానే ఉంది. రెండోది హద్దులోనే ఉన్నా, అంచున. ఇరుగుపొరుగు రోజులు తడిగా ఉన్నంత మాత్రాన అది ముసురే అని చెప్పలేం, జులైలో నాలుగు రోజులు వరుసగా సాయంత్రం ఉరుములు రావచ్చు. ఆ రెంటినీ రిజిస్టరు వేరు చేయలేదు కానీ, నెల వేరు చేస్తుంది. సంభావ్యతలను జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక పట్టికగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరో పట్టికగా విడగొట్టాను. విడగొట్టాక 88.4 రోజుకు నడిమి విలువ 10.8, హద్దులు 5.1 నుంచి 21.0. శిఖరం దిగింది, పరిధి ఇరుకైంది. దసరా తర్వాతి పైడితల్లమ్మ జాతర నాటి వానా జూన్ వానా ఒకటి కాదని ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు, ప్రోగ్రామ్‌కు విడిగా చెప్పాల్సి వచ్చింది.

ఇంతవరకు లెక్క: ఖర్చు అదే 3,410. పట్టికలు రెండు. పక్క పావుగంట సంబంధం 0.38 నుంచి 0.5కు.

దశ 7: మళ్లీ కాలువ దగ్గరికి

ఒక రోజుకు ఒకే గీత గీసి, ఇదే ఆనాటి వాన అని చూపించాలని మనసు లాగుతుంది. అది చేయకూడదు. వంద ఊహావానలనూ కాలువలోకి వదిలి, ఎన్నింటికి పొంగిందో లెక్కపెట్టాలి.

1. 42.6 రోజు, ఇప్పటి పూడికతో: వందలో 84 పొంగాయి.
2. 42.6 రోజు, పూడిక తీశాక: 69.
3. 88.4 రోజు, ఇప్పటి పూడికతో: 61.
4. 88.4 రోజు, పూడిక తీశాక: 43.

రెట్టింపు వాన పడిన రోజుకు పొంగే అవకాశం తక్కువగా తేలింది. రోజు అంకెలు మాత్రమే చూసి ఈ ఫలితం రాబట్టడం అసాధ్యం. పూడిక తీయడం వల్ల వచ్చే లాభం పదిహేను, పద్దెనిమిది వానలకు పరిమితం అన్నది వీధివాళ్లకు నచ్చలేదు. ఏటా పూడిక తీయిస్తే చాలనే వారి నమ్మకం. ఉరుముల వానకు కాలువ వెడల్పే చాలదని ఈ అంకెలు చెప్తున్నాయి. పూడిక తీయడం వద్దని నేను అనలేదు, తీయించమనే చెప్పాను.

మాస్టారి రిజిస్టరులో 40 మి.మీ. దాటిన రోజులన్నిటికీ ఇప్పుడు ఇదే నడుపుతున్నాను. పాత రోజుల్లో కాలువ పొంగిందో లేదో తెలిసినవి కొన్నే ఉన్నాయి. మాస్టారు పక్కన మార్జిన్‌లో “మెట్టు మునిగింది” అని రాసిపెట్టుకున్నవి. ఎంత పనికొస్తున్నాయో ఆయనకు కూడా తెలియదు. మీ ఊళ్లో రిజిస్టరు చూడటానికి వెళ్తే అంకెలతో పాటు మార్జిన్లు కూడా ఫొటో తీసుకోండి.

ఈ పట్టికలు ఎత్తుకెళ్లి వాడుకునేవారికి ఒక హెచ్చరిక. మా గేజ్ ఇంతవరకు చూసిన వానల్లో 115.6 మి.మీ. దాటిన రోజు, అంటే వాతావరణ శాఖ అతి భారీ అనే తరగతి, ఒక్కటీ లేదు. అలాంటి తుపాను రోజును ఈ ప్రోగ్రామ్‌లో పెడితే, తానెన్నడూ చూడని వానకు కూడా చూసినట్టే అంకె ఇస్తుంది. అలాంటి రోజులకు నేను ప్రస్తుతం గంట లెక్కలు ఉన్న స్టేషను అంకెలే వాడి, చివరి రెండు మెట్లకే కాస్కేడ్ నడుపుతున్నాను. మీరూ అంతవరకే నడపండి.